చామనచాయ ఊరు

పెదదొరువులో నల్లగా ఉన్న ఆడపిల్ల ఒక్కతీ లేదని ఆ ఏడు ప్రభుత్వ లెక్కల్లో తేలింది. ఊరు చూస్తే సముద్రం ఒడ్డున ఉంది. ఆడా మగా అందరూ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళే. పైన ఎండ, కింద ఉప్పు మీదినుంచి ఎగదన్నే ఎండ, మధ్యలో మనిషి పెనం మీద అట్టులా మాడాల్సిందే. మూడు తరాలుగా మాడుతున్నారు కూడా. అయినా కాగితం మీద మాత్రం నలుపు లేదు.

అది ఎట్లా జరిగిందంటే, జిల్లాలో కొత్తగా వర్ణ సమానతా విభాగం అని ఒక ఆఫీసు తెరిచారు. ఒంటి రంగును బట్టి పిల్లల్ని చిన్నచూపు చూడకూడదని పెట్టిన ఆఫీసు. మంచి ఉద్దేశమే, ఎవరూ కాదనరు. దానికి ప్రత్యేకాధికారిగా వచ్చిన చిదానందం గారు భోజనానికి కూర్చున్నా ముందు విస్తరాకులు లెక్కపెట్టే రకం. ఎందరు నల్లగా ఉన్నారో తెలియకుండా సమానత్వం ఎందరికి పంచాలో ఎట్లా తెలుస్తుందని ఆయన అడిగారు. అడిగి, ఇంటింటికీ ఫారాలు పంపారు. ఆడపిల్ల పేరు, వయసు, రంగు. రంగు దగ్గర మూడు గళ్ళు: ఎరుపు, చామనచాయ, నలుపు.

కన్నతల్లి ఎవరైనా మూడో గడిలో టిక్కు పెడుతుందా? మన దగ్గర పిల్ల పుడితే "కాస్త చాయ తక్కువ" అంటారు. "కళగల మొహం" అంటారు. "ఎదిగితే తేరుకుంటది" అంటారు. నలుపన్న మాట ఆ తల్లి అటు తిరిగాకే అంటారు. అందుకని ఊరు ఊరంతా చామనచాయ గడిలో టిక్కు పెట్టింది. కాస్త ధైర్యం ఉన్నవాళ్ళు ఎరుపులో పెట్టారు. లెక్కలు కూడితే పధ్నాలుగు వందల పన్నెండు మంది పిల్లల్లో నలుపు గడిలో ఒకే ఒక్క టిక్కు తేలింది.

అది కామాక్షి పెట్టిన టిక్కు. తొమ్మిదో తరగతి పిల్ల. అమ్మా నాన్నా ఎక్కడో రొయ్యల చెరువుల మీద కాపలా పనిలో ఉంటే, పసితనం నుంచీ అవ్వ రవణమ్మ దగ్గరే పెరిగి చదువుకుంటోంది. రవణమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టడం మటుకు నేర్చుకుంది. కాబట్టి ఫారం పిల్లే నింపుకుంది. తన చెయ్యి ఒకసారి చూసుకుని, ఉన్నదున్నట్టు టిక్కు పెట్టి పంపేసింది.

ఆఫీసులో ఆ ఒక్క టిక్కును చూసి అందరూ ఇది రాతలో దొర్లిన పొరపాటనుకున్నారు. ఎర్ర సిరాతో దిద్ది చామనచాయలోకి మార్చారు. నలుపు సున్నా అయింది. నలుపే లేనప్పుడు నలుపు మీద చిన్నచూపు ఎక్కడుంటుంది? బడి గేటు మీద "వర్ణ వివక్ష లేని పాఠశాల" అని బోర్డు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆరోజు పూలపళ్ళాలు పట్టుకుని మంత్రిగారికి ఎదురెళ్ళిన వరుసలో ముందున్న పిల్లలంతా ఎర్రగా ఉన్నారు. కామాక్షి ఎనిమిదో వరుసలో ఉంది. మొత్తం ఎనిమిది వరుసలే.

*

గొడవ కథల పోటీతో మొదలైంది. ఆ విభాగం వాళ్ళే జిల్లా అంతటికీ ఒక పోటీ పెట్టారు. ఒంటి రంగు మీద జరిగే అన్యాయం గురించి పిల్లలు కథలు రాయాలి. కామాక్షి "వెనక వరుస" అని ఒకటి రాసి పంపింది. ఏం రాశావే అని రవణమ్మ అడిగితే, "చదివేటప్పుడు విందువులే" అంది. జిల్లాకంతటికీ దానికే మొదటి బహుమతి వచ్చింది. శుక్రవారం సభ. పిల్ల తన కథను తనే మైకులో చదవాలి.

సోమవారంనాడు హెడ్మాస్టరు పురుషోత్తం గారు రవణమ్మను పిలిపించారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. పిల్లను మెచ్చుకుంటారని పోయింది. ఆయన చూస్తే తలపట్టుకుని ఉన్నారు.

"కూర్చోమ్మా. ఏడో నిబంధన ఒకటుంది," అన్నారు. "కథ రాసిన బాలిక సదరు వివక్షను స్వయంగా అనుభవించినదై ఉండాలి. అందుకు ఆధారంగా సదరు బాలిక వర్ణం నలుపు అని ధ్రువీకరణ పత్రం జతపరచాలి."

"ఎవురు నలుపు?" అంది రవణమ్మ.

హెడ్మాస్టరు కామాక్షి వైపు చూసి, చూడనట్టు కిటికీ వైపు చూశారు.

"అయ్యా, నా మనమరాలు చామనచాయ."

"నాకూ అదే కావాలమ్మా. అమ్మాయి నలుపంటే గేటు మీద బోర్డు తప్పవుతుంది. నలుపు కాదంటే కథ తప్పవుతుంది. బోర్డేమో మంత్రిగారి చేత కట్టించాం. కథకేమో కలెక్టరుగారు సంతకం పెట్టారు. ఈ రెండింటి మధ్యా నా పదవీ విరమణ ఇంకో ఏడు నెలల్లో ఉంది."

"కాయితం లేకపోతే ఏమవుద్ది సార్?" అని కామాక్షి అడిగింది.

"రెండో బహుమతి వచ్చిన పూర్ణిమ నీ కథ చదువుతుంది. ఆమెకు పత్రం ఉంది. ఆఫీసు వాళ్ళు ఇచ్చుకున్నది కాబట్టి బోర్డుకు అడ్డం రాదు."

పూర్ణిమ ఆ విభాగం ఆఫీసు సూపరింటెండెంటు గారి కూతురు. పొట్టు తీసిన వేరుశనగ గింజలా ఉంటుంది. "నేను నల్లగా పుట్టి ఉంటే" అని కథ రాసింది. నాన్న ఆఫీసులో పనిచేసే వాళ్ళింట్లో ఏ పత్రమైనా అడగకముందే ఉంటుంది.

బయటికి వచ్చాక రవణమ్మ గేటు దగ్గర ఆగి, బోర్డు కిందే మొదలుపెట్టింది. "నువ్వు నలుపని నేను కాయితం తేవాలంటనా? గవుర్మెంటు ముద్రేసి? రేపు నీకు సంబంధం చూసేవాళ్ళ చేతిలో ఆ కాయితం పడితే ఏంగాను? ఊళ్ళో వాళ్ళ నోళ్ళకి భయపడి నీ చిన్నప్పటినుంచీ నేను పడిన పాట్లు ఆ దేవుడికి తెలుసు. చదవకపోతే పోనీమ్మే. ఆ పూర్ణిమనే చదవనీ. నీ పేరు చెప్తారు గదా."

కామాక్షి ఏడవలేదు. ఏడ్చి ఉంటే రవణమ్మకు సులువుగా ఉండేది, కొంగుతో తుడిచేసేది. "అవ్వా," అంది పిల్ల, "ఆ కథలో ఒక చోట 'నల్లదానివి వెనక నిలబడు' అని ఉంటది. పూర్ణిమకి ఆ మాట ఎప్పుడూ ఎవురూ అన్లేదు. అది ఆ మాట దగ్గర నవ్వితే సభంతా నవ్వుద్ది. నేనెందుకు రాసినట్టు మరి?"

  రవణమ్మ ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి, "పా, వీఆర్వో దగ్గరికి పోదాం," అంది.

*

వీఆర్వో మస్తానయ్య చెడ్డవాడు కాదు. నిబంధన ఏం చెబితే అది చేస్తాడు. చెప్పకపోతే చెప్పేదాకా కూర్చుంటాడు. రంగు కొలవడానికి ఆయనకు పైనుంచి ఒక పరికరం వచ్చింది. పెట్టె విప్పి చూస్తే, ఇళ్ళకు సున్నాలూ రంగులూ వేసేవాళ్ళ దుకాణంలో ఇచ్చే రంగుల అట్ట. ఇరవై నాలుగు గళ్ళు. ఒక్కో గడికి ఒక్కో పేరు.

"చెయ్యి చాపు పాపా. కదలబాకు," అని, అట్టను కామాక్షి మోచేతి పక్కన ఆనించి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూడటం మొదలుపెట్టాడు. "దంతం. కాదు. గంధం. కాదు. బిస్కెట్టు. కాదు. తేనె. దాల్చినచెక్క."

"దాల్చినచెక్క బాగుండాది," అంది రవణమ్మ. "అది రాయి నాయనా."

"బాగుండేది రాయడానికి కాదమ్మా. కలిసేది రాయాల. ఇటిక. బెల్లం. కాఫీ." కాఫీ దగ్గర అట్ట అయిపోయింది. మస్తానయ్య అట్టను వెనక్కి తిప్పాడు. వెనక దుకాణం ఫోన్ నంబరు ఉంది. మళ్ళీ ముందుకు తిప్పి కాఫీ గడిని చేతికి ఆనించాడు. చెయ్యి కాఫీని దాటి ఇంకా ముందుకు వెళ్ళింది.

"ఇంతకు మించి ముదురు రంగు గోడలకు ఎవురూ ఎయ్యరంట," అన్నాడు దిగులుగా. "అందుకని అట్టలో ఎయ్యలేదు."

"అయితే ఏమని రాస్తావు?"

ఆయన నిబంధనల పుస్తకం తెరిచి, వేలితో వెతికి, చదివి, రాశాడు. కామాక్షి తొంగి చూసి గట్టిగా చదివింది. "వర్ణం: వర్తించదు."

"అంటే?"

"నాకు రంగే లేదంట అవ్వా."

రవణమ్మ బతుకులో మొదటిసారి మనవరాలి రంగు కోసం పోట్లాడింది. "లేకపోవడమేందయ్యా? కళ్ళెదురుగా అంత రంగు ఉంటే? నీ కాఫీ కంటే నాలుగాకులు ఎక్కువ చదివిన రంగు. చూసి చెప్పేదానికి నీకు అట్ట కావాలా?"

"చూసి చెప్పేదానికి నాకు అధికారం లేదమ్మా. అట్ట చూసి చెప్పేదానికే ఉండాది." మస్తానయ్య కాస్త జాలిపడ్డాడు. "ఇంకో దారి ఉంది. పరికరంతో తేలనప్పుడు ఇరుగూ పొరుగూ ఇద్దరు పెద్దమనుషుల వాంగ్మూలం తీసుకోవచ్చు. మీ వీధిలో ఈ పిల్లను నలుపని అనేవాళ్ళు ఇద్దరన్నా లేకుండా పోతారా?"

"ఇద్దరేంది సామీ," అంది రవణమ్మ, "వరస కట్టిస్తా."

*

ఎడమ పక్కింటి పెంచలయ్య కామాక్షిని పుట్టినప్పటినుంచీ కాకిపిల్లా అనే పిలుస్తాడు. కుడి పక్కింటి సుబ్బరత్నమ్మ, కరెంటు పోయినప్పుడల్లా "కామాక్షీ, నవ్వమ్మే, నువ్వు యాడుండావో తెలియాల" అంటుంది. ఇంతకంటే గట్టి సాక్షులు ఏ కోర్టుకూ దొరకరు. మంగళవారం సాయంత్రం మస్తానయ్య రవణమ్మ అరుగు మీద రిజిస్టరు పరిచాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. కామాక్షిని ఎండ పడే చోట నిలబెట్టాడు.

"పెంచలయ్య గారూ, మీ ఎరుకలో సదరు బాలిక వర్ణం ఏమిటి?"

పెంచలయ్య రిజిస్టరు చూశాడు. ముద్ర చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "చామనచాయ," అన్నాడు.

"తాతా," అంది కామాక్షి, "పొద్దున కూడా కాకిపిల్లా అని పిలిచావే."

"అది ముద్దుకమ్మా. ముద్దుకు అన్నవి గవుర్మెంటు పుస్తకంలో రాపిస్తానా? నాకూ ఆడపిల్లలుండారు. నీకు పెళ్ళి కావాల్నా వద్దా?"

"నాకు పద్నాలుగేళ్ళు తాతా."

"కాయితం ఏళ్ళతరబడి ఉంటది తల్లీ. నేను చచ్చినా ఉంటది."

సుబ్బరత్నమ్మ అయితే పెంచలయ్యను కూడా మించిపోయింది. నలుపంటే మా అత్తది నలుపు, పోయింది పాపం, ఈ పిల్లది చామనచాయలో కూడా పై చాయ, నెల రోజులు నీడపట్టున ఉంచితే ఎర్రగా తేలుతుంది అని, అడగని సంగతి కూడా చెప్పి సంతకం పెట్టింది. పైగా రవణమ్మ చెయ్యి పట్టుకుని, "మేముండంగా నీ పిల్లకు ఆ మచ్చ రానిస్తామా అక్కా," అంది.

రవణమ్మకు ఆ పూట విచిత్రంగా ఉంది. ఈ మాట వాళ్ళ నోటివెంట రావాలని పద్నాలుగేళ్ళుగా దేవుళ్ళకు మొక్కింది. వచ్చింది. సంతకాలతో సహా వచ్చింది. చూస్తే పిల్ల ఎండలో నిలబడి, తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది, ఎవరివో అన్నట్టు.

*

బుధవారం ఒక పుకారు లేచింది. నలుపు పత్రం ఉన్న పిల్లలకు పాలిటెక్నిక్ సీట్లలో కాస్త ముందు పిలుపు ఉంటుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు. అది తెలుసుకునే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది.

గురువారం పొద్దున్నే ఆఫీసు ముందు వరుస బస్టాండు దాటిపోయింది. గొడుగులు ఇంట్లో పెట్టి వచ్చారు. ఎండ కోసమే వచ్చినట్టు మొహాలు పైకెత్తి నిలబడ్డారు. చామనచాయ తల్లులు చామనచాయ కూతుళ్ళను చూపించి, "అయ్యా, ఆరిపోయిన బొగ్గు ఎట్టుంటదో అట్టుంటది మాది, ఇయ్యాల పౌడరేసింది అంతే" అని ప్రమాణాలు చేశారు. ఎరుపు గడిలో టిక్కు పెట్టిన వాళ్ళయితే పాత ఫారంలో చెయ్యి వణికిందన్నారు. పెంచలయ్య తన మనవరాళ్ళిద్దర్నీ తెచ్చి, ఒకరికొకరు సాక్షులుగా నిలబెట్టి పత్రాలు తీసుకుపోయాడు. సుబ్బరత్నమ్మ కూడా కూతురికి ఒకటి సంపాదించింది. అట్టతో కొలిస్తే వాళ్ళందరూ బిస్కెట్టుకూ కాఫీకీ మధ్య ఎక్కడో ఒక చోట కలిశారు. అట్టలో ఏ గడికి కలిసినా చాలని, కలిసిన వాళ్ళకు కలిసినట్టు నలుపు పత్రం ఇచ్చారు.

సాయంత్రానికి పధ్నాలుగు వందల పదకొండు పత్రాలు వెళ్ళాయి. ఊళ్ళో నలుపు కాని పిల్ల కామాక్షి ఒక్కతే మిగిలింది.

రవణమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని, ఆ పధ్నాలుగు వందల చిల్లర మందిని దాటుకుని, ముగ్గురు జవాన్లను తోసుకుని, చిదానందం గారి గదిలోకి పోయింది. ఆయన ఆ పూట చాలా సంతోషంగా ఉన్నారు. ఆఫీసు తెరిచిన నాటినుంచీ పంచడానికి ఎవరూ లేక బాధపడుతున్న మనిషి.

"కూర్చోండి. ఒక్క వారంలో ఇంతటి వర్ణ పరివర్తన దేశంలోనే ప్రథమం," అన్నారు. "మీ సమస్య?"

రవణమ్మ చెప్పింది. ఆయన విన్నారు. వెనకే వచ్చిన మస్తానయ్య చేతిలో ఉన్న ఫైలు తీసుకుని, మొదట అట్ట నివేదిక, తర్వాత వాంగ్మూలాలు చదివారు.

"పరికరం ప్రకారం వర్ణం వర్తించదు. సాక్షుల ప్రకారం చామనచాయ. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ నలుపు కాదు. మీరు ఏ ప్రాతిపదికన నలుపంటున్నారు?"

"మీ ఎదురుగా నిలబడుండాది గదయ్యా. చూడండి."

చిదానందం గారు కామాక్షిని చూశారు. తర్వాత కళ్ళు ఫైలు మీదికి తెచ్చుకున్నారు. "వ్యక్తిగతంగా నేను ఏకీభవిస్తాను. అధికారికంగా నేను చూడలేదు."

"ఆ పెంచలయ్యను ఇప్పుడే పిలవండి. ఇప్పుడు నలుపనే చెప్తాడు. ఆయన మనమరాళ్ళకే చెప్పాడు."

"ఒకసారి నమోదైన వాంగ్మూలం మార్చడం కుదరదు. కాకపోతే," అని ఆయన పుస్తకం చివరి పేజీ తిప్పారు. "తొమ్మిదో నమూనా ఉంది. సంరక్షకులు సభాముఖంగా, తమ నోటితో, సదరు బాలిక నలుపు అని, తత్కారణంగా వివక్షకు గురైనదని ప్రకటించి సంతకం చేయాలి. సభాముఖంగానే చేయాలి. చాటుగా చేస్తే చెల్లదు. మీకు అభ్యంతరమా?"

ఊరంతా వినేట్టు. మైకులో. రవణమ్మ మనవరాలి వైపు చూసింది. కామాక్షి ఆమె వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టుంటుందని చూడలేదేమో.

"రేపు ఎన్నింటికి సభ?" అంది రవణమ్మ.

*

సభ పదింటికి. ముఖ్య అతిథి బయల్దేరారని తొమ్మిదింటినుంచీ చెబుతున్నారు. బడి ఆవరణలో షామియానా, కుర్చీలు, బారులు తీరిన పిల్లలు. కొత్త ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఇకమీదట పూలపళ్ళాల ముందు వరుసలో నలుపు పత్రం ఉన్న బాలికలనే నిలబెట్టాలట. అభినయం నేర్పే విజయశారద టీచరు ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా పాటించింది. పత్రం ఉన్న వాళ్ళలోంచి చూడముచ్చటగా ఉన్నవాళ్ళను ఏరి ముందు పెట్టింది. బోర్డు కట్టిన రోజు ముందు వరుసలో నిలబడిన పిల్లలే ఈరోజూ ముందు వరుసలో నిలబడ్డారు. అందరి రవికెలకూ పత్రాలు పిన్నీసులతో గుచ్చి ఉన్నాయి. కామాక్షికి పత్రం లేదు. కాబట్టి ఎనిమిదో వరుస.

వేదిక పక్కన బల్ల వేసి రవణమ్మను పిలిచారు. చిదానందం గారు తొమ్మిదో నమూనా ముందు పెట్టి, కలం మూత తీశారు. హెడ్మాస్టరు మైకును ఆమె నోటి దగ్గరకు వంచారు.

"సదరు బాలిక వర్ణం?"

"నలుపు," అంది రవణమ్మ. మైకులో ఆ మాట షామియానా చివరిదాకా పోయి, తిరిగి ఆమె చెవిలోకే వచ్చింది. భూమి బద్దలవలేదు. సుబ్బరత్నమ్మ మాత్రం చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వివక్షకు గురైనదా?"

"అయింది."

"వివక్ష చూపిన వ్యక్తి పేరు?"

 విజయశారద టీచరు పిల్లల రిబ్బన్లు సర్దడానికి ఆ పక్కకు వెళ్ళింది. హెడ్మాస్టరు వంగి, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "గుర్తుతెలియని వ్యక్తులు అని రాయొచ్చమ్మా. చాలా మంది అట్లానే రాశారు," అన్నారు.

"ఎందరి పేర్లు చెప్పొచ్చు?"

చిదానందం గారు గడి చూశారు. "స్థలం ఒక్క పేరుకే ఉంది."

రవణమ్మ టీచరు వైపు చూసింది. ఆ పేరు నాలుక చివరే ఉంది. పెంచలయ్య వైపు చూసింది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. మొగ్గలాంటి పసిదాన్ని కాళ్ళ మీద వేసుకుని శనగపిండి, పసుపు, మీగడ కలిపి నలుగు పెట్టిన పొద్దులు గుర్తొచ్చాయి. మెడ దగ్గర చర్మం ఎర్రగా కందితే, చాయ తేలుతోందని మురిసిపోయింది. ముదురు నీలం గౌను కావాలని పిల్ల దుకాణంలో పట్టుపడితే, నీకు నప్పదని లాక్కొచ్చింది. ఎండలో ఆడొద్దంది. మాటిమాటికీ, ప్రేమతోనే, మొహం కడుక్కోమంది.

"ఒకటే అయితే నాది రాయండి," అంది. "రవణమ్మ. తండ్రి పేరు కూడా కావాల్నా?"

చిదానందం గారి కలం ఆగిపోయింది. ఆయన ఇట్లాంటిది చూడలేదు. పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, హెడ్మాస్టరుతో గుసగుసలాడి, చివరికి నిటారుగా కూర్చున్నారు.

"చిక్కు వచ్చిందమ్మా. పద్నాలుగో నిబంధన ప్రకారం వివక్ష చూపిన వ్యక్తి సంరక్షకురాలిగా ప్రకటన చేయడానికి అనర్హురాలు. కావున మీ ప్రకటన నేరం ఒప్పుకున్నట్టుగా చెల్లుతుంది. పిల్ల నలుపనడానికి చెల్లదు."

"నేను జెప్పింది నిజమా కాదా అయ్యా?"

"నిజమే. అందుకే చర్య తీసుకోవాల్సి వస్తోంది."

ఈలోగా అతిథి కారు టైరు పంచరైందని కబురొచ్చింది. జనం కుర్చీల్లో కదులుతున్నారు. మైకు ఖాళీగా ఉంది. సభలో అన్నిటికంటే ప్రమాదం ఖాళీ మైకేనని హెడ్మాస్టరుకు తెలుసు. ఆయన "పూర్ణిమ" అని పిలిచి, కామాక్షి కథ కాగితాలు ఆ పిల్ల చేతిలో పెట్టారు. పూర్ణిమ వేదిక ఎక్కింది. మైకు ముందు నిలబడి కాగితం చూసింది. మొదటి వాక్యం లోలోపల చదువుకుంది. చదివి, తల ఎత్తి, ఎనిమిదో వరుసలోకి చూసింది.

"కామాక్షీ," అంది మైకులో, "ఇది నాకు రాదు. నువ్వే రా."

కామాక్షి ఏడు వరుసలూ దాటుకుని వచ్చింది. చిదానందం గారు చెయ్యి అడ్డం పెట్టారు. "పత్రం లేదు."

"సార్," అంది కామాక్షి, "మైకు దగ్గర పత్రం ఉంటే చాలునా, చదివే నోటికి కూడా ఉండాల్నా?"

ఆయన మళ్ళీ పుస్తకం తెరిచారు. నిజాయితీపరుడు, లేనిది ఉందనలేడు. "ధ్రువీకృత బాలిక మైకు వద్ద ఉండవలెను," అని చదివారు. "చదవవలెను అని ప్రత్యేకించి లేదు."

"పూర్ణిమ ఉండాది గదా."

పూర్ణిమ పత్రాన్ని రవికె మీదినుంచి విప్పి, అందరికీ కనిపించేట్టు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడింది. చిదానందం గారు పత్రం చూసి, ముద్ర చూసి, తల ఊపారు. ఫైలుకు ఏ లోటూ లేదు. కామాక్షి ఆ పత్రం పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టింది.

ఆమె కథలో పిల్లకు పేరు లేదు. ఆ పిల్ల పూలపళ్ళెం పట్టుకుని ముందు వరుసలో నిలబడితే, టీచరు వచ్చి "నల్లదానివి వెనక నిలబడు, ఫోటోలో పడవు" అంటుంది. ఆ మాట దగ్గర పూర్ణిమ నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. పిల్ల ఇంటికి పోయి అవ్వతో చెబుతుంది. అవ్వ కొంగు బిగించుకుని లేస్తుంది. అవ్వ బడికి పోయి టీచరును నాలుగు దులుపుతుందని పిల్ల గుమ్మంలో నిలబడి సంబరంగా చూస్తుంది.

"మా అవ్వ బడికి పోలేదు," అని చదివింది కామాక్షి. "వంటింట్లోకి పోయింది. శనగపిండి డబ్బా దించింది. ఆరోజు నుంచి నలుగు ఇంకొంచెం గట్టిగా పెట్టింది. మా అవ్వకు నా మీద చాలా ప్రేమ. నొప్పిని బట్టి ఎంత ప్రేమో నాకు తెలిసేది."

రవణమ్మ బల్ల పక్కనే నిలబడి విన్నది. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. ముందు వరుసలో ఒక పిల్ల పూలపళ్ళెం కింద పెట్టేసి, మెడ తడుముకుంది. దాని పక్కది కూడా. ఎర్రగా ఉన్న పిల్లలకు కూడా ఇళ్ళల్లో అవ్వలుంటారు. అతిథి ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. ఆయనకు పూలు జల్లాల్సిన పిల్లలు అటు తిరిగి ఉండటంతో, ఎక్కడో వెనక ఖాళీ కుర్చీలో కూర్చుని ఆయన కూడా విన్నారు.

*

నోటీసు ఆ తర్వాతి బుధవారం వచ్చింది. మస్తానయ్యే తెచ్చాడు, మొహం చిన్నబుచ్చుకుని. సదరు బాలికపై వర్ణ వివక్ష చూపినట్టు సభాముఖంగా అంగీకరించినందున మీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి అని కామాక్షి చదివి వినిపించింది.

"లిఖితపూర్వకంగా అంటే?"

"రాసియ్యాల అవ్వా."

"నాకు రాయడం యాడొచ్చు?"

"నేను రాస్తాలే. చెప్పు."

"నువ్వు రాయొచ్చా? కేసు నీ గురించే గదా."

మస్తానయ్య ఆలోచించాడు. "రాయకూడదని ఎక్కడా లేదు," అన్నాడు. అరుగు మీద ఒక పక్కగా కూర్చుని, తీసుకునే పోతాలే, తొందరలేదన్నాడు.

కామాక్షి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, ఒళ్ళో పెట్టుకుంది. రవణమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. తన చేతులకేసి చూసుకుంది. ముప్పై ఏళ్ళు ఉప్పు తోడిన చేతులు.

"రాయి. అయ్యా. మీరు పంపిన కాయితం అందింది. నా మనమరాలు నల్లగా ఉంటది."

"ఊఁ."

"నాలాగా."

కామాక్షి కలం ఆపి తలెత్తింది.

"రాయవే. నాలాగా. మా అమ్మలాగా. నన్ను కూడా మా అమ్మ అట్టనే రుద్దింది. ఆమెను ఎవురు రుద్దారో అడిగేదానికి ఆమె లేదు. రాశావా?"

"రాస్తుండా."

"ఇంక ఆపేశాను. అంతే."

"'అంతే' కూడా రాయాల్నా అవ్వా?"

"అది ముందు రాయి. నాతో అయిపోయిందని తెలియాల," అంది రవణమ్మ.